తెల్లదాని కాలు

చెల్లెలు ఆరు వారాల శిక్షణకు వేరే ఊరు వెళ్తూ తన గాజుతొట్టెను అక్క కుట్టుగదిలో పెట్టి వెళ్ళింది. అందులో జానెడేసి పొడవున్న ఆక్సలాటల్స్ రెండు ఉన్నాయి. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. చూడడానికి నీళ్ళలో బతికే బల్లుల్లా ఉంటాయి. తలకు రెండు పక్కలా ఎర్రటి కుచ్చుల్లాంటి మొప్పలు, రెప్పల్లేని కళ్ళు.

“రెండ్రోజులకోసారి చెరో వానపాము. బతికున్నదే పెట్టక్కా, కదిలితే వాటికి తొందరగా తెలుస్తుంది,” అంటూ చిల్లుల మూత ఉన్న డబ్బా చేతికిచ్చింది.

అక్క దర్జీ. ఎంత మందపు గుడ్డనైనా కత్తిరిస్తుంది గానీ వానపామును చూస్తే ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది. మొదటిరోజు మొహం తిప్పుకుని, పటకారుతో ఒకదాన్ని నీళ్ళలోకి దించింది. నల్లది కదల్లేదు. మెలికలు తిరుగుతున్న వానపాము ముక్కు దగ్గరకు రాగానే గుటుక్కున మింగేసింది. పటకారు ఖాళీ!

“ఏమైందే?” అన్నారు గుమ్మంలోంచి అత్తగారు.

“మింగేసిందత్తయ్యా! నేను చూడనేలేదు.”

“చూడకుండా పెట్టడమేంటి? రెండోది ఉందిగా, దానికి కళ్ళు తెరుచుకుని పెట్టు.” ఆవిడ స్టూలు లాక్కుని తొట్టె ముందు కూర్చున్నారు.

ఈసారి ఇద్దరూ చూశారు. తెల్లది నోరు తెరిచి, నీళ్ళతో సహా వానపామును లోపలికి లాగేసుకుంది. అంతా రెప్పపాటులో అయిపోయింది. దానికి పళ్ళున్నాయా, రుచి తెలుస్తుందా అని అత్తాకోడళ్ళు సాయంత్రం దాకా వాదించుకున్నారు.

వారం తిరిగాక ఒకరోజు, బట్టలు ఇవ్వాల్సిన తొందరలో కోడలు రెండు వానపాముల్నీ ఒకేసారి వదిలేసింది. రెండూ ఒక్కదాని మీదికే ఎగబడ్డాయి. నల్లది కసుక్కున కొరికింది. వానపాము తప్పించుకుంది. తెల్లదాని ముందుకాలు ఒకటి మాత్రం మణికట్టు దాకా తెగిపోయింది.

కోడలు ఏడుస్తూ చెల్లెలికి ఫోన్ చేసింది.

“ఏడవకక్కా, మళ్ళీ మొలుస్తుంది. దాన్ని వేరే టబ్బులో ఉంచి రోజూ నీళ్ళు మార్చు,” అంది చెల్లెలు తాపీగా.

“మొలుస్తుందా! ఊరికే నా మనసు కుదుటపడాలని చెప్తున్నావు కదూ?”

“నిజమే అక్కా. నువ్వే చూద్దువుగా.”

అత్తగారు పెదవి విరిచారు. “ఊడిన పన్నే నాకు మొలవలేదు. కాలు మొలుస్తుందిట!”

తెల్లది నాలుగు రోజులు ఏమీ ముట్టలేదు. ఐదోరోజు అత్తగారు కొంగు బిగించి, ఎరువుకుప్పలోంచి సన్నటి ఎర్ర వానపామును ఏరుకొచ్చారు. తెల్లది దాన్ని నోట్లోకి లాక్కుని, మరుక్షణం తుపుక్కున ఉమ్మేసింది.

“చేదేమో!” అన్నారు ఆవిడ సంబరంగా. “చూశావా? రుచి తెలుస్తుందని నేనన్నానా లేదా!”

ఓడిపోయినందుకు కోడలికి బాధ కలగలేదు. చెట్టు మొదట్లో తడిమట్టి తవ్వి, బూడిదరంగు వానపామును తన చేత్తోనే పట్టుకుంది. అది చల్లగా, మెత్తగా వేళ్ళ మధ్య మెలికలు తిరిగింది. జలదరింపు ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. కడిగి నీళ్ళలోకి దించగానే తెల్లది గుటుక్కున మింగింది.

రెండు వారాలు దాటాక తెగినచోట చిన్న మొటిమలాంటిది పొడుచుకొచ్చింది. తర్వాత అది చదునై, అంచున నొక్కులు పడ్డాయి. పొద్దున్నే మిషను తొక్కడం కన్నా ముందు టబ్బు దగ్గరకు వెళ్ళడం కోడలికి అలవాటైపోయింది. అప్పటికే భూతద్దంతో అత్తగారు అక్కడ ఉండేవారు.

చెల్లెలు తిరిగొచ్చేసరికి ఆ కాలికి గాజుముక్కల్లాంటి మూడు బుల్లివేళ్ళు వచ్చాయి. నాలుగోది ఇంకా చుక్కలా ఉంది.

“బాగా చూసుకున్నావక్కా. సాయంత్రం తీసుకెళ్ళిపోతాలే, నీకీ గోల తప్పుతుంది.”

అక్క ఏదో అనబోయింది. ఈలోపే భూతద్దం దించకుండానే అత్తగారు అందుకున్నారు.

“నల్లదాన్ని తీసుకెళ్ళమ్మా. ఇది మాత్రం నాలుగో వేలు వచ్చేదాకా ఎక్కడికీ కదలదు.”