ఇంకా వేల్పు రాని కర్ర

కోంటా బజారులో ఉప్పు, బట్టల కొట్టు నడిపే ఈశ్వరరావుకు ఏళ్ళ తరబడి ఒక అనుమానం ఉంది. దేవుడు అన్ని ప్రాణుల్లోనూ ఉన్నాడని ఆయన రోజూ పొద్దున్నే పూజలో చదువుతాడు. చదివి, లెంపలు వేసుకుని, వెళ్ళి కొట్టు తెరుస్తాడు. తెరవగానే అడవి ఊళ్ళవాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు తెచ్చి అరుగు కింద నిలబడతారు. వాళ్ళకు అరుగెక్కే ఆచారం లేదు. మరి వాళ్ళలో ఉన్న దేవుడు అరుగు దాకా వచ్చి ఏమైపోతున్నట్టు? భద్రాచలం నుంచి వచ్చిన పురోహితుణ్ణి ఒకసారి అడిగితే, పూజ పూజే, బేరం బేరమే అని నవ్వి, సంభావన తీసుకుని శబరి నది దాటి వెళ్ళిపోయాడు. అనుమానం మాత్రం ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది.

ఆ అనుమానానికి కాళ్ళూ చేతులూ వచ్చినట్టు ఉండేవాడు గొల్లపల్లి అనే అడవి ఊరి మాసా. తన ఊరి వేల్పును, అంటే ఊరి అమ్మవారిని, మోసేవాడు అతను. రాజుగారి దసరాకు వేల్పులన్నీ జగదల్‌పూర్ బయలుదేరినప్పుడు, ఎర్రగుడ్డ చుట్టి నెమలి ఈకలు కట్టిన వెదురు కర్ర అతని భుజాన ఉంటుంది. అప్పుడు నడిచేది మాసా కాదు, అమ్మవారు. దారిలో ప్రతి ఇంటివాళ్ళూ పసుపునీళ్ళతో ఆ కాళ్ళు కడుగుతారు. పండుగ అయిపోయి కర్రను ఊళ్ళో దించాక, పై సంతకు అదే మాసా ఉప్పు కోసం అరుగు కింద నిలబడతాడు. కాళ్ళు అవే. మీద దుమ్ము ఉంటుంది, అంతే.

ఇద్దరి మధ్యా ఇంకో లెక్క కూడా ఉంది. ఒక ఎండాకాలం మరైగూడ దారిలో బండి ఇరుసు విరిగి, నాలుక పిడచకట్టుకుపోతుంటే, ఈశ్వరరావు మాసా చేతిలోని నీళ్ళ సొరబుర్ర అందుకుని గటగటా తాగాడు. మా ఇంటికొస్తే నేనూ నీళ్ళిస్తానులే అన్నాడు మాటవరసకు. మాసా దాన్ని మాటవరస అనుకోలేదు. తరవాత బదులుగా ఉప్పు ఇవ్వబోతే వద్దన్నాడు. దోసిలి పట్టు, నీళ్ళు పోస్తానని ఈశ్వరరావంటే, నేను నీ దోసిట్లో పొయ్యలె, బుర్రే చేతికిచ్చిన అన్నాడు. అప్పటినుంచీ గొల్లపల్లిలో సావుకారు మనకు నీళ్ళు బాకీ అని ఒక నవ్వులాట.

దసరాకు ముందు ఒక సంతరోజు మాసా కర్ర భుజాన వేసుకుని బజారులోకి వచ్చాడు. గుడ్డ ఎర్రగా, ఈకలు కొత్తగా మెరుస్తున్నాయి. ఈశ్వరరావు గద్దె దిగి పరుగెత్తాడు. మాసా ఏదో చెప్పబోతే, అమ్మవారు వచ్చిన వేళ మాట్లాడకూడదని వారించాడు. ఆయన భార్య మంగాదేవి పసుపునీళ్ళు తెచ్చింది. ఈశ్వరరావే ఆ కాళ్ళు కడిగాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పీట మీద కూర్చోబెట్టి హారతి ఇచ్చారు. వీధిలో సగం బజారు చేతులు జోడించి నిలబడింది.

మంగాదేవి తన మోకాళ్ళ నొప్పి సంగతి అమ్మవారికి విన్నవించుకుంది. ఎప్పుడు తగ్గుతుందో చెప్పమంది.

"అమ్మ ఇంకా రాలె, దొరసానీ," అన్నాడు మాసా. "పాత కర్రకు చెదలు పట్టినయి. ఇది కొత్తది. పూజారి పిలిస్తేగాని అమ్మ దీంట్లకు రాదు. నేను సిందూరానికి, నూనెకు వచ్చిన."

"మరి ముందే చెప్పొద్దా?"

"సావుకారు చెప్పనిచ్చిండా?"

మంగాదేవి హారతి పళ్ళెం పక్కన పెట్టేసింది. లేపండి, పీట కడుక్కోవాలి అని భర్త చెవిలో గొణిగింది.

ఈశ్వరరావు లేపడానికే ముందుకు వచ్చాడు. కానీ లేపాలంటే ఈ మనిషిలో దేవుడు లేడని చెప్పాలి. అదీ అంతమంది వింటుండగా. చెప్పాక రేపు పొద్దున పూజలో ఏం చదవాలి? ఆ ఒక్క ముక్క వదిలేసి మిగతాది చదవాలా? అడగడానికి పురోహితుడు కూడా దగ్గర లేడు.

మాసా తల దించుకోలేదు, తొందరపడి లేవనూ లేదు.

"దిగమంటే దిగుత, సావుకారూ. ఊళ్ళె అడుగుతరు గద, ఒకటి చెప్పు. నువ్వు కడిగింది ఎవరి కాళ్ళు?"

ఈశ్వరరావు ఆ కాళ్ళకేసి చూశాడు. వేళ్ళ సందుల్లో పసుపు ఇంకా ఆరలేదు.

"నీ కాళ్ళే," అన్నాడు. "కూచో."

మంగాదేవి ఏందండీ ఇది అంటున్నా ఆగకుండా వంటింట్లోకి వెళ్ళి, తాను రోజూ తాగే ఇత్తడి చెంబు ముంచి తెచ్చి మాసా చేతికిచ్చాడు. మాసా కర్రను గోడకు ఆనించి, చెంబు అంచుకు పెదవులు ఆనించి, ఆనాడు ఈశ్వరరావు తాగినట్టే గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"మా సొరబుర్రల నీళ్ళే సల్లగుంటయి," అన్నాడు ఖాళీ చెంబు తిరిగి ఇస్తూ. "పోనీలే, తీరింది."