వెనుక తెల్లగా ఉన్న కాగితం

నేను ఒక దబ్బనాన్ని. జానెడు పొడవు, కొసన కాస్త వంపు, తలలో పురికొస పట్టేంత బెజ్జం. పాలకొండ వైపు సంతలో ఒక కమ్మరి పాత ఇనుప చువ్వను కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. మొదట్లో ధాన్యం బస్తాలు కుట్టాను. ఆ పనిలో నాకు ఏ చింతా లేదు. లోపల ఉన్నవి వడ్లు, పొడిస్తే ఎవరికీ నష్టం లేదు. తర్వాత, నాతో ఆ బస్తాలు కుట్టి మోసే కళాసీ నన్ను తన తమ్ముడు గురువులుకు ఇచ్చాడు. గురువులు కాలవల ఆఫీసులో అటెండరు.

చేతులు ఊరికే పెట్టుకుని కూర్చునే మనిషి కాదతను. ఒక వైపే రాసి పారేసిన కాగితాలు ఏరి, అంచులు సమంగా కత్తిరించి, పైన మూడు కంతలు పొడిచి, తెల్లదారంతో చిత్తుపుస్తకాలు కుట్టేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. చేసినందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు. ఏళ్ల తరబడి ఆ ఆఫీసు చిత్తుపుస్తకాలు కొన్నదే లేదు. గురువులుకు ఒక్క నియమం ఉండేది. కుట్టే ముందు ప్రతి కాగితాన్నీ తిరగేసి చదివేవాడు. సంతకమో ముద్రో కనిపిస్తే గుమాస్తా బల్ల మీద పెట్టి వచ్చేవాడు. ఆ ఆలస్యం నాకు విసుగ్గా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంతలో కొత్త ఇంజనీరుగారు వచ్చారు. ఆయనకు పొదుపంటే మహా పట్టుదల. ‘కాగితం పొదుపు చేయండి’ అని రంగురంగుల పోస్టర్లు రెండొందలు అచ్చు వేయించారు. గోడలు నిండగా మిగిలినవి మా దగ్గరికే వచ్చాయి. వాటి వెనుక వైపు ఎంత తెల్లగా ఉండేదో! గురువులు పని చూసి ఆయన ముచ్చటపడి, నెలకు నలభై పుస్తకాలు కావాలన్నారు. ఎన్ని తయారయ్యాయో నోటీసు బోర్డు మీద గురువులు పేరుతో సహా రాయించేవారు. జీవితంలో మొదటిసారి తన పేరు బోర్డు మీద చూసుకున్న మనిషి ఏమైపోతాడో నేను దగ్గరుండి చూశాను. కాగితాలు తిరగేయడం మానేశాడు. వెనుక తెల్లగా ఉంటే చాలు, కుట్టేయడమే.

అలా గుమాస్తా భాస్కరంగారి బల్ల మీద నుంచి తెచ్చిన కట్టలో అసిరమ్మ కాగితం ఉంది. ఆమె భర్త లస్కరు. ఇరవై ఆరేళ్లు కాలవ తూముల తలుపులు ఎత్తి దించి, ఆ పనిలోనే పోయాడు. అతని సర్వీసు రిజిస్టరును చెదలు తినేశాయి. మిగిలిన ఆధారమల్లా పాత ఇంజనీరు ఒకాయన తాను చనిపోయే ముందు సంతకం చేసి ఇచ్చిన ఆ ఒక్క కాగితమే. అది లేకపోతే అసిరమ్మకు పింఛను రాదు. దాన్ని నేను మూడు చోట్ల పొడిచాను. అన్ని కాగితాల్లోకీ దిగినట్టే అందులోకీ మెత్తగా దిగాను.

పదకొండు నెలలు ఆమె ప్రతి సోమవారం వచ్చి గురువులును అడిగేది.

"కాయితం దొరికిందేటి బాబూ?"

"ఎతుకుతున్నారప్పా. కూకో, టీ తెస్తాను."

అది అబద్ధం కాదు. గురువులు కూడా బీరువాల వెనుక దూరి వెతికేవాడు. నేను అతని చొక్కా జేబులోనే ఉండేదాన్ని. నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు.

ఒక ఉదయం భాస్కరంగారు చిత్తుపుస్తకంలోంచి ఒక కాగితం చించి, అందరి టిఫిన్లూ రాసి ఇచ్చారు. హోటలు కౌంటరు దగ్గర చీటీ అందించబోతూ గురువులు ఆగిపోయాడు. వెనుక వైపు ఊదారంగు ముద్ర కనిపించింది. టిఫిన్ల సంగతి మరచిపోయి, సైకిలెక్కి నేరుగా అసిరమ్మ ఇంటికి వెళ్లాడు.

ఆమె కూతురు దమయంతి రొయ్యల కంపెనీలో రాత్రి షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చింది. ఐసు నీళ్లలో నాని దాని వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. అసిరమ్మ కాగితాన్ని కళ్లకద్దుకుని కూతురికిచ్చింది.

"సదవే అమ్మా. మీ అయ్య గురించి ఏటి రాసినారో."

పైకున్న వైపే చదివింది పిల్ల. "నాలుగు పెసరట్లు, రెండు పూరీ. భాస్కరంగారికి అల్లం చట్నీ ఎక్కువ..."

అంతటితో ఆగి, కాగితం తిరగేసి, ఆ మూడు కంతలనూ వేలితో తడిమింది. గురువులు నన్ను జేబులోంచి తీసి నేల మీద పెట్టాడు.

"నానే కుట్టీసినానప్పా. సూసుకోనేదు."

అసిరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇది పదో తరగతి సదువుతుండేది బాబూ" అంది, అంతే.

పింఛను మంజూరైంది. పొదుపు చేసినందుకు ఇంజనీరుగారికి ప్రశంసాపత్రం వచ్చింది. దమయంతి మాత్రం మళ్లీ బడికి వెళ్లలేదు. గురువులు నన్ను రికార్డు గది తలుపు చట్రానికి గుచ్చాడు, మళ్లీ ముట్టుకోలేదు. వానాకాలం వచ్చినప్పుడల్లా తుప్పు కాస్త పెరుగుతోంది. బస్తాల దగ్గరే ఉండిపోవలసిందని ఎన్నిసార్లు అనుకున్నానో!

పింఛను కాగితాల మీద వేలిముద్ర వేయడానికి అసిరమ్మ వచ్చిన రోజు కూతురు కూడా వెంట వచ్చింది. భాస్కరంగారు కాగితం ముందుకు జరిపి, ఎక్కడ వేయాలో చూపించారు. తల్లి సిరా అంటిన వేలు చాపింది. దమయంతి ఆ చెయ్యి పట్టుకుని ఆపి, కాగితాన్ని తిరగేసి చూసింది.