అడుగు బాక్సు

ఆదివారం పదకొండు గంటలైతే చాలు, గంగాధర్‌కు ఒళ్లు మండేది. తన ప్రోగ్రామే. తను పుట్టించి, పెంచి, ఊరూరా పేరు తెచ్చిన ప్రోగ్రామే. అయినా టీవీ ముందు కూర్చోవాలంటే పంటి నొప్పికి డాక్టరు దగ్గర కూర్చున్నట్టుండేది.

మొదట్లో దాని పేరు ‘బండి పరీక్ష’. తొంభై ఆరులో, మదనపల్లెలో కేబుల్ కనెక్షన్లు ఇచ్చే గోవిందస్వామి దగ్గర ఒక్క కెమెరా ఉండేది, అది కూడా పెళ్లిళ్లకు పోను మిగిలిన రోజుల్లోనే దొరికేది. గంగాధర్ ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పే మాస్టారు. ఏ బండి కొనాలో, ఏది కొనకూడదో జనానికి చెబుదామని ఇద్దరూ అనుకున్నారు. మరి చెప్పడం ఎట్లా? మైలేజీ, హార్స్ పవర్ అంటే వినే నాథుడెవడు? ఇది టమోటా పండే సీమ. అందుకే గంగాధర్ ఒక పద్ధతి పెట్టాడు. బండి నిండా టమోటా బాక్సులు ఎక్కించి, గుంతల రోడ్డు మీద పుంగనూరు దాకా పోయి తిరిగొచ్చి, అన్నిటికన్నా అడుగున ఉన్న బాక్సును కెమెరా ముందు తెరిచేవాడు. పండ్లు నిలిస్తే బండి మంచిది. రసం కారితే కాదు. అంతే, వేరే మాటల్లేవు.

ఎడిటింగ్ అన్నది లేదు. తీసింది తీసినట్టే వేసేవాళ్లు. మధ్యలో గొర్రెలు అడ్డం వస్తే గొర్రెలు కూడా టీవీలో కనిపించేవి. ఆ క్యాసెట్టు మరుసటి రోజు బస్సెక్కి పుంగనూరుకు, అక్కణ్ణించి కుప్పానికి పోయేది. కుప్పంలో దించాల్సిన కండక్టరు ఒకసారి నిద్రపోయి అరవదేశం దాకా మోసుకుపోతే, చూసేవాళ్లు కేబుల్ ఆఫీసు మీదికి కొట్లాటకు పోయారు.

అట్లాంటి ప్రోగ్రాముకు ఏం గతి పట్టిందో చూడండి. గోవిందస్వామికి కళ్లు కనపడక చానెల్‌ను మేనల్లుడు శివకుమార్ చేతికిచ్చాడు. శివకుమార్ పేరు మార్చి ‘బండి ధమాకా’ అన్నాడు. మొదట బండి చుట్టూ సినిమా పొగ వచ్చింది. తరువాత పాటలు. ఆ తరువాత ప్రీతి అనే యాంకరు పిల్ల వచ్చి, బానెట్ మీద కూర్చుని, ‘ఏ రాశివాళ్లకు ఏ రంగు బండి’ అని చెప్పడం మొదలుపెట్టింది. గంగాధర్ మొత్తుకుంటే శివకుమార్ ఒకటే మాట అనేవాడు: ‘‘మిమ్మల్ని తీసేయలేదు కద సార్? సివర్లో అడుగు బాక్సు మీదే.’’ నిజమే, చివర్లో రెండు నిమిషాలు మిగిల్చాడు. ఆ రెండు నిమిషాల కోసమే గంగాధర్ పళ్లు బిగబట్టి ఉండిపోయాడు.

రెండువేల ఆరులో ఆ రెండు నిమిషాలకూ మూడింది.

కొత్తగా వచ్చిన ఒక మినీ ట్రక్కును పరీక్షించాలి. ఆ ట్రక్కు అమ్మే షోరూమే ప్రోగ్రాముకు స్పాన్సరు. షూటింగు కుప్పం దగ్గర, అద్దంలాంటి కొత్త రోడ్డు మీద పెట్టారు. ‘‘ఇదేం పరీక్షయ్యా, దీని మీద చేతిలో గుడ్డు పెట్టుకోని పోయినా పగల్దు!’’ అని గంగాధర్ అరిచి గోల చేసి, బండిని మట్టి దారిలోకి తిప్పించాడు. తిరిగొచ్చి అడుగు బాక్సు తెరిచాడు. పచ్చడి. ఎర్రటి రసం కారి ప్రీతి చెప్పుల మీద పడింది. ‘‘చక్రాల మీది కమాను కట్టలు మరీ బిగుతు, కుదుపు ఆపవు. టమోటాకు ఈ బండి పనికిరాదు’’ అని కెమెరాలోకి చూసి గట్టిగా చెప్పాడు. శివకుమార్ కిక్కురుమనలేదు. గంగాధర్‌కు అప్పుడే అనుమానం రావలసింది, కానీ సంతోషంలో రాలేదు.

ఆదివారం టీవీలో చూస్తే బాక్సు నిండా నిగనిగలాడే పండ్లు. తెరుస్తున్న చేతులు తనవే. పైన తన గొంతే: ‘‘అడుగు బాక్సు భద్రం! కళ్లు మూసుకోని కొనుక్కోండి.’’ ఆ మాట ఎప్పుడో తొంభై ఎనిమిదిలో ఇంకో బండి గురించి అన్నది. పాత క్యాసెట్టులోంచి బాక్సును, చేతుల్ని, గొంతును కోసి తెచ్చి ఇక్కడ అతికించారు.

గంగాధర్ ఫోనెత్తి శివకుమార్‌ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ‘‘ఎడిటింగ్ సార్, అందురూ చేసేదే’’ అన్నాడతను, ఏమీ జరగనట్టు. ఫోను పెట్టీ పెట్టకముందే మళ్లీ మోగింది.

‘‘గంగాధరప్పా, నేను సోమల సిద్దప్పను. సూసినా నీ ప్రోగ్రాం. ఆ బండే తీసుకుంటాండా. ఆవులు రెండూ బేరం పెట్టేసినా.’’

సిద్దప్ప టమోటా రైతు. ఒకప్పుడు వాల్మీకిపురంలో పాత జీపు కొనబోతూ, మామ బలవంతం చేసినా వినకుండా, గంగాధర్ టీవీలో వద్దన్నాడని మానుకున్నాడు. ఆ జీపు కొన్నవాడు నెలలోపే దాన్ని పాత ఇనుముకు వేశాడు. అప్పటినుంచీ సిద్దప్పకు గంగాధర్ మాటంటే వేదం. ఇప్పుడు ఇల్లు గడిచేది ఆ ఆవుల పాలతోనే, అవి పోతే మిగిలేది ఈ ట్రక్కే.

గంగాధర్ మొదటి బస్సుకే సోమల పోయాడు. అప్పటికే ట్రక్కు ఇంటి ముందు ఉంది. ఒక్కరోజు నడిపి చూసుకొమ్మని షోరూమువాళ్లు ఇచ్చారు.

‘‘కొనొద్దు సిద్దప్పన్నా! ఆ మాట నేను అన్లేదు.’’

‘‘నీ గొంతే కదప్పా?’’

‘‘గొంతు నాదే. చెప్పింది నేను కాదు.’’

‘‘గొంతు నీదయితే చెప్పింది ఇంకెవురు?’’

పాత క్యాసెట్టు సంగతీ, కోసి అతికించిన సంగతీ గంగాధర్ అరగంట చెప్పాడు. సిద్దప్ప ఓపిగ్గా విని, ‘‘కాఫీ తాగుతావా?’’ అన్నాడు. గంగాధర్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

‘‘సరే, మాటలొద్దు. నీ టమోటాలే ఎక్కించు. నేనూ వస్తాండా. మదనపల్లె మార్కెట్లో అడుగు బాక్సు తెరుద్దాం’’ అన్నాడు చివరికి.

సిద్దప్ప బాక్సులు తనే పేర్చాడు, తనే నడిపాడు. ప్రతి గుంతలోనూ ట్రక్కు ఎగిరి పడుతుంటే గంగాధర్ నడుం విరిగినంత పనైంది. అయినా లోపల్లోపల సంతోషంగానే ఉంది. ఎగరనీ, ఇంకా ఎగరనీ అనుకున్నాడు.

మార్కెట్లో బాక్సులన్నీ దించి అడుగుది తెరిచారు. పైన నాలుగు పండ్లు తప్ప అంతా గుజ్జు.

‘‘సూసినావా అన్నా!’’ అని గంగాధర్ చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూసేటట్టు అరిచాడు. ‘‘నేను చెప్పింది ఇదే!’’

సిద్దప్ప వంగి, చితికిన పండొకటి చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

‘‘పండ్లు మాగిపోయినాయప్పా. ఒకరోజు ముందు కోసిండల్ల. నేను పేర్చింది గూడా సరిగ్గా లేదేమో. టీవీలో పగల్లేదు కదా.’’

‘‘అయ్యో, ఈడ నీ ముందర నిలబడి చెప్తాండా కదన్నా, కొనొద్దని!’’

సిద్దప్ప అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ముఖంలో కోపం లేదు, ఎగతాళి లేదు. బిడ్డను సముదాయిస్తున్నట్టు మాట్లాడాడు.

‘‘నువ్వు మంచోడివి. నేను యాడ నష్టపోతానో అని నీకు భయం. ఒక్కడికి చెప్పేటప్పుడు మనిషికి ప్రేమ అడ్డం వస్తాది, తప్పు లేదు. కానీ అందురికీ చెప్పేటప్పుడు నువ్వు అబద్ధం చెప్పవు గంగాధరప్పా. పదేండ్లుగా సూస్తాండా.’’

గుజ్జయిన బాక్సును సిద్దప్ప పక్కకు జరిపి, ట్రక్కెక్కి, షోరూము వైపు తిప్పాడు.