పన్నా లెక్క

సోమవారం ఏడో తరగతి పిల్లల ముందు నర్మద బోర్డు మీద రాసింది: ఒక చదరపు మీటరు అంటే నూరు చదరపు సెంటీమీటర్లు. రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని, తృప్తిగా వెనక్కి జరిగింది కూడా.

చివరి బెంచీలో కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ మమతారాణి, "ఇంకోసారి చూసుకోండమ్మా" అంది.

నర్మద చూసుకుంది. "కరెక్టే మేడమ్" అంది.

ఆ ఒక్క మాట అనకపోయినా సగం పరువు మిగిలేది.

సైన్సు టీచరు ఉద్యోగానికి అది పరీక్ష పాఠం. బీఎస్సీ పాసై, పెళ్లై సిరిసిల్లకొచ్చాక చారులో ఉప్పెంత అన్నది తప్ప ఎవరూ ఆమెను ఏ కొలతా అడగలేదు. అడిగిన మొదటి బడి ఇదే. మమతారాణి మంచి మనిషి కాబట్టి, "శుక్రవారం మళ్లీ రండి, ఇదే పాఠం చెప్పాలి" అంది. మూడోసారి పిలుపు ఉండదని ముఖమే చెప్పింది.

ఇంటికొచ్చేసరికి సాంచెలు, అవే మరమగ్గాలు, మోగుతున్నాయి. భర్త హనుమండ్లు తెగిన పోగు ముడేస్తున్నాడు. జరిగింది విని ఆశ్చర్యపోయాడు.

"మీటరుకు నూరు సెంటీమీటర్లే గదనే. తప్పేంది గండ్ల?"

"పొడుగు నూరు. మరి పన్నా?"

"పన్నా ఎవడు లెక్కవెడ్తడు? అది సాంచె చూసుకుంటది."

నర్మదకు అప్పుడు అర్థమైంది. కాలేజీలో పది వేలని సరిగ్గా రాసిన చెయ్యే ఇది. కానీ ఈ ఇంట్లో గుడ్డకు ఒకటే దిక్కు, పొడుగు. పొద్దున లేస్తే ఎన్ని మీటర్లు దిగిందన్న మాటే. పన్నా అంటే వెడల్పు; దాని సంగతి సాంచె బిగించిన రోజే తేలిపోయింది, మళ్లీ ఎవరూ ఎత్తరు. పైగా పొడుగు మీటర్లలో, పన్నా ఇంచుల్లో. ఆ రెండూ ఒకే గుడ్డవని గుర్తుచేసే అవసరం ఎవరికీ రాలేదు.

"ఒక మీటరు చింపియ్యి" అంది.

"ఏం గుట్టుకుంటవ్?"

"కుట్టను. కోస్త."

నలభై ఇంచుల పన్నా మీటరు కంటే పిసరంత ఎక్కువ. నర్మద టేపు పెట్టి గీత గీసి, ఆ ఎక్కువ భాగాన్ని కత్తిరించేసింది. హనుమండ్లు తన వేలు తెగినట్టు ముఖం పెట్టాడు.

అత్త చంద్రవ్వ గడప మీద కూర్చుని చూస్తోంది. "ఏం పిల్లా, గా బడి నీకు జీతమిస్తదా, మన గుడ్డలన్ని కత్తిరిపిస్తదా?"

"ముందు గిది అయితదత్తమ్మ, తర్వాత జీతం."

"అయితే జర అంచులు పారెయ్యకు."

శుక్రవారం దాకా వంటింట్లో, బావి దగ్గర, పప్పు కడుగుతూ పాఠం చెప్పుకుంది. గోడలు బాగానే విన్నాయి. ఎదురు ప్రశ్న మాత్రం వేయలేదు.

శుక్రవారం సుద్దముక్క ముట్టుకోలేదు. ఆ తెల్లటి గుడ్డను ఇద్దరమ్మాయిల చేత నాలుగు మూలలూ పట్టించింది. "ఇది చదరపు మీటరు. ఇటు నూరు, అటు నూరు." తర్వాత ఒక అంచున సెంటీమీటరు వెడల్పుతో పొడవాటి పేలిక కత్తిరించి పైకెత్తింది.

"దీంట్ల సెంటీమీటరు గళ్లు ఎన్నుంటయి?"

"నూరు టీచర్!"

"సోమవారం నేను చెప్పిన చదరపు మీటరు ఇదే. గుడ్డ అడిగినోళ్లకు బొందు ఇచ్చి పంపిన."

ఆడపిల్లలు పడీపడీ నవ్వారు. లంగా బొందు తెలియని పిల్ల ఆ ఊళ్లో లేదు.

"గిసుంటి బొందులు మొత్తం గుడ్డల ఎన్ని?"

"నూరు!"

"నూరు నూర్లు?"

"పది వేలు!" క్లాసంతా అరిచింది.

చివరి బెంచీ నుంచి మమతారాణి, "మరి ఘనపు మీటరుకు ఎన్ని ఘనపు సెంటీమీటర్లమ్మా?" అంది.

నర్మద నాలుక చివరకు ఏదో వచ్చింది. రానివ్వలేదు. గుడ్డ వైపు చూసింది. ఇటు నూరు, అటు నూరు. సాంచె ఎన్నడూ నెయ్యని దిక్కు ఇంకొకటి, పైకి. అదీ నూరు.

"పది లక్షలు మేడమ్." ఈసారి కరెక్టేనని అనలేదు. మమతారాణే అంది.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే హనుమండ్లు సాంచె ఆపాడు. అతను దాన్ని ఊరికే ఆపే మనిషి కాడు.

"ఏమైంది?"

"సోమవారం నుంచి రమ్మన్నరు."

చంద్రవ్వ ఆ పేలిక అందుకుని లాగి చూసింది. "బొందుకు పనికొస్తది" అని కొంగున ముడేసుకుంది.

"ఇంక ఆరు మీటర్లు చింపియ్యి" అంది నర్మద. "ఘనానికి ఆరు మొకాలు."

హనుమండ్లు కత్తెర వైపు చూశాడు. "పన్నా కోస్తవా?"

"ఆరింటికీ."