గొళ్లెం తీసిందా, పెట్టిందా

"చెల్లె, గీ సత్తెమ్మ ఎవరు?"

బియ్యం కడుగుతున్నాను. చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల రెబెక్కక్క. ఎల్‌బీ నగర్‌లో ఆడవాళ్లకు కుట్టు నేర్పే సెంటర్ ఆమెది. వారం కిందటే ఆ సెంటర్‌కి వెబ్‌సైట్ చేసిచ్చాను. సత్తెమ్మ ఎవరో నాకు బాగానే తెలుసు. ఆమె నేను రాసుకుంటున్న కథలో మనిషి. ఆ కథ నా కంప్యూటర్లో గప్‌చుప్‌గా ఉండాలి గానీ రెబెక్కక్క నోటికి ఎలా వచ్చింది? వచ్చిన దారి అర్థమయ్యేసరికి కడుగు నీళ్లతో పాటు గుప్పెడు బియ్యం కూడా సింక్‌లోకి పోయాయి.

'మా గురించి' అన్న చోట నొక్కితే తన సెంటర్ ముచ్చట లేదట, సత్తెమ్మ ముచ్చట ఉందట. ఒకసారి రమ్మని, మాట్లాడేది ఉందని చెప్పి పెట్టేసింది. కోపంగా అందో మామూలుగా అందో కూడా తేల్చుకోలేకపోయాను.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే ఒత్తుల సంగతి చెప్పాలి. వెబ్‌సైట్ చేసేటప్పుడు ముందు డబ్బాలు గీస్తాం, ఇక్కడ బొమ్మ, ఇక్కడ రాత అని. అసలు రాత వాళ్లు ఎప్పటికో ఇస్తారు. అప్పటిదాకా డబ్బా బోసిగా కనిపించకుండా ఏదో ఉత్తుత్తి రాత నింపుతాం. ఇంగ్లీషు సైట్లకు అర్థం పర్థం లేని లాటిన్ ముక్క ఒకటుంది, అందరూ అదే వాడతారు. తెలుగుకు అది పనికిరాదు. మన అక్షరం కింద ఒత్తు వేలాడుతుంది కదా, వరసకూ వరసకూ మధ్య జాగా చాలకపోతే పై వరస ఒత్తు కింది వరస తలకట్టుకు తగులుతుంది. అది సరిచూసుకోవాలంటే ఒత్తులున్న తెలుగు ఉండాలి. మొదట్లో పేపర్లోంచి ఏదో ఒక వార్త దించేదాన్ని. ఒకరోజు పేపర్ చేతికందక నాలుగు వాక్యాలు సొంతంగా టైపు కొట్టాను. నాలుగు పదయ్యాయి. డబ్బా నిండింది, ఆపాను. చదువుకుంటే ఎందుకో బాగుంది. నేను రచయిత్రినైన వైనం ఇంతే. సత్తెమ్మ అనే పేరు కూడా ఒత్తుల కోసం పెట్టిందే. త కింద త, మ కింద మ.

ఈ నాలుగేళ్లలో అలాంటివి ముప్ఫై దాకా అయ్యాయి. అన్నీ ఒక్క ఫైల్లో దాచాను. దాని పేరు 'ఊరికే'. మొదటిరోజు దాచుకునేటప్పుడు మా ఆయన శేఖర్ వెనకనుంచి తొంగిచూసి ఏం రాస్తున్నావని అడిగాడు. ఊరికే అన్నాను. ఆ మాటే పేరుగా కొట్టేశాను.

ఆ మాట నాకంత దగ్గరిది మరి. శేఖర్ ఆర్టీసీ డిపోలో కండక్టర్. తన దోస్తులతో మా ఆమె ఊరికే ఇంట్లనే ఉంటది, కంప్యూటర్ల ఏదో చేస్తది అంటాడు. చెడ్డగా కాదు, ముద్దుగానే అంటాడు. మా అత్తమ్మ అండాలమ్మ నల్లగొండ చుట్టాలకు ఫోన్లో నా కోడలు ఊరికే కూసుండదు, ఏదో ఒకటి గీకుతనే ఉంటది అని చెబుతుంది. అది పొగడ్తే. పైన ఉండే ఇంటి ఓనరమ్మ కుసుమకుమారి గారిది గుంటూరు వైపు. మెట్లు దిగుతూనే "ఊరికేనే ఉన్నావా అమ్మా?" అంటారు. అన్నారంటే ఏదో పని ఉన్నట్టే. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ కార్డు, మరిది గృహప్రవేశం కార్డు, అపార్ట్‌మెంట్ వాళ్ల ముగ్గుల పోటీకి బ్యానరు. మా పాప స్కూలు ప్రాజెక్టు థర్మోకోల్ ఇల్లు సరే, పాప స్నేహితురాళ్ల ఇళ్లు కూడా నేనే కట్టాను. చెయ్యి తిరిగింది కదా, నీకెంతసేపు అంటారు. నిజం చెప్పాలంటే అవన్నీ నాకు ఇష్టమే. రంగు కాగితం చేతిలో పడితే నా ప్రాణం లేచొస్తుంది. కానీ ఎవరికి ఏం చేసినా చివర ఆ మాట తగిలించేవాళ్లు, నేనూ తగిలించుకునేదాన్ని. ఎంతో కొంత తీసుకోమ్మా అంటే, ఊరికే చేశానండీ అని నవ్వేదాన్ని. ఏం నవ్వో!

ఇప్పుడేమో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు కదలడం లేదు, బడులు మూసేశారు, బొగ్గు గనులు బందై కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే. శేఖర్ పొద్దున డిపో ముందు టెంట్ కింద కూర్చుని మధ్యాహ్నానికి ఇంటికొస్తాడు. వచ్చి పడుకుంటాడు. అయినా ఎవరూ అతన్ని ఊరికే ఉన్నాడనరు, సమ్మెలో ఉన్నాడంటారు. తెలంగాణ నాకూ కావాలి, ఆ మాటకొస్తే అతనికంటే ఎక్కువే కావాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన మేనత్త ఉంది నాకు. కానీ పని మానేసిన మనిషికి మూడు పూటలా టీలు అందించే మనిషి పని మానేస్తే ఏమంటారో నాకు తెలియదు. మొన్న చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అత్తమ్మ ఉన్నట్టుండి అంది. "సకల జనులంటె అందరు గదా బిడ్డా. మరి నీకు లేదా సమ్మె?" వేళాకోళానికే అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

రెబెక్కక్క సైట్ ఎక్కించే రోజు కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది, అయిదు నిమిషాలకంటే ఆగదు. అవతల కుక్కర్ కూస్తోంది, పాప పిలుస్తోంది, శేఖర్ టవల్ ఏదని అరుస్తున్నాడు. ఆ కంగారులో రెబెక్కక్క ఇచ్చిన అసలు రాత ఉన్న పేజీ బదులు, సత్తెమ్మ ఉన్న పాత పేజీని ఎక్కించాను.

ఫోను వచ్చిన సంగతి చెప్పగానే శేఖర్ పేపర్ మడిచాడు. "నేను ముందునుంచి చెప్తనే ఉన్న. గా కథలు పని మీద పడుతున్నయ్. మంచిగ వస్తున్న పనిని చెడగొట్టుకుంటున్నవ్. తీసెయ్ గా ఫైల్."

చెడగొట్టింది నేనే కదా. ఈ పని దొరకడానికి ఎన్ని తలుపులు తట్టానో నాకే తెలుసు. రెబెక్కక్క చుట్టుపక్కల నాలుగు సెంటర్లకు నా పేరు చెప్పింది, ఇప్పుడు ఆ నాలుగూ పోతాయి. సరే తీసేస్తానన్నాను. కరెంటు ఉండి ఉంటే ఆ క్షణమే తీసేసేదాన్ని. కరెంటు లేదు. ఆ కరెంటు కోతకు ఈ రోజుకీ దండం పెడతాను.

ముందు వెళ్లి క్షమాపణ చెప్పుకుని వద్దామని లేచాను. బియ్యం గిన్నె నా చేతిలోంచి అత్తమ్మ తీసుకుంది. వంట తాను చూసుకుంటుందట, నన్ను పొమ్మంది.

బస్సుల్లేవు, ఆ రోజు ఆటోలు కూడా బంద్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచాను. చైతన్యపురి దాటి కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి లారీలు కదలక మురిగిన బత్తాయిల వాసన. దారంతా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. పొరపాటైంది అక్కా, కరెంటు పోయింది అక్కా, ఇంకెప్పుడూ జరగదు అక్కా, ఇక కథలు రాయను అక్కా. చివరిది అనుకున్నప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండకు అనుకున్నాను.

సెంటర్లో కాలి మిషన్లు కాబట్టి కరెంటుతో పనిలేదు. అయినా ఒక్కటీ నడవడం లేదు. పదిమంది ఆడవాళ్లు కత్తిరింపు బల్ల చుట్టూ నిలబడి గొడవ పడుతున్నారు. బల్ల మీద నా పేజీ, ప్రింటు తీయించిన కాగితం. నన్ను చూసి అందరూ ఒక్కసారి ఆగారు.

నేను కూర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. పొరపాటైంది అక్కా వరకే వచ్చాను. రెబెక్కక్క చెయ్యి ఎత్తి ఆపింది.

"పేజీ సంగతి తర్వాత. ముందుగాల ఇది చెప్పు. ఆమె గొళ్లెం తీసిందా, పెట్టిందా?"

కాగితం నా ముందుకు జరిపింది. సత్తెమ్మను ఇంట్లో నలుగురూ నాలుగు దిక్కుల నుంచి పిలుస్తుంటారు. ఒకరికి నీళ్లు, ఒకరికి చొక్కా, ఒకరికి మాత్ర, ఒకరికి ఊరికే. చివరి వరస ఇది: 'సత్తెమ్మ చేతిలో గుడ్డ కింద పెట్టి, లేచి, తలుపు దగ్గరికి వెళ్లి, గొళ్లెం మీద చెయ్యి వేసి'. అంతే. అక్కడ డబ్బా నిండింది.

కొత్తగా చేరిన సాధన, జాకెట్ చేతులు కుట్టడం నేర్చుకుంటున్న పిల్ల, గొళ్లెం తీసి వెళ్లిపోయిందని వాదిస్తోంది. తనైతే వెనక్కి తిరిగి కూడా చూడదట. పక్కనున్న పెద్దామె ఏడికి పోతది, బస్సులే బందున్నయ్ గదా అంది. అందరూ నవ్వారు. నవ్వి మళ్లీ నా వైపు చూశారు.

నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఇంకా రాయలేదన్నాను. ఎందుకు రాయలేదు అంది సాధన. డబ్బా నిండింది, ఆపేశాను అన్నాను. అంటుంటే నాకే వినిపించింది. ముప్ఫై కథల్లో ఒక్కటి పూర్తి చేయలేదు నేను. ఎవరో గీసిచ్చిన జాగా అయిపోగానే సగం వాక్యంలో లేచి ఇంకో పనిలోకి పోయాను.

అక్కా, అది ఊరికే రాసింది, ఇవాళే తీసేసి మీ సెంటర్ రాత పెడతాను అన్నాను. రెబెక్కక్క కాగితం మీద వేలు పెట్టింది.

"పైన 'మా గురించి' అని ఉన్నది. కింద చదివితె మా గురించే ఉన్నది. తప్పేమున్నది చెల్లె? సెంటర్ సంగతి ఇంకో పేజీల పెట్టు. దీన్ని తీయకు. శుక్రారానికి మిగిలింది రాసి తే, అందరికి చదివి వినిపిస్త. కింద నీ పేరెయ్యి."

ఆ బల్లకు ఆనుకుని నిలబడే ఏడ్చాను. సాధన స్టూలు జరిపింది, ఎవరో బాటిల్ మూత తీసి ఇచ్చారు. నీళ్లు కావాలని నేను అడగలేదు. అడగకుండా నాకు నీళ్లిచ్చిన చెయ్యి ఎవరిదో ఆ గలాటాలో చూడలేదు. ఎవరిదైనా చల్లగా ఉండాలి.

ఇంటికొచ్చేసరికి అన్నం, చిక్కుడుకాయ కూర మూతలు పెట్టి ఉన్నాయి. శేఖర్ తిని పేపర్ చదువుతున్నాడు. తీసేసినవా అన్నాడు. లేదు, పూర్తి చేస్తున్న అన్నాను. పేపర్ కిందికి దించాడు, నా మొహం చూశాడు, సరే నీ ఇష్టం అన్నాడు. ఇష్టంగా అనలేదు. అది అతని ఇబ్బంది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు పెళ్లయ్యాక అదే మొదలు.

వంటింట్లో అత్తమ్మకు జరిగిందంతా చెప్పాను. కింద కూర్చుని విన్నది. చివరికి తానూ అదే అడిగింది, తీసిందా పెట్టిందా అని. తెలియదన్నాను. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మేమున్న ఇంట్ల లోపలి గొళ్లెమే లేకుండె బిడ్డా. మీ మామ బయటిదే పెట్టిచ్చిండు."

ఆ మాట అని లేచి అంట్లు సర్దుకోసాగింది.

కరెంటు వచ్చింది. కంప్యూటర్ ఉన్న గదిలోకి వెళ్లాను. ఆ గది తలుపుకు లోపల ఒక గొళ్లెం ఉంది. ఓనరమ్మ రంగులేయించినప్పుడు దాని మీద కూడా రంగు పడి అతుక్కుపోయింది. ఎనిమిదేళ్లుగా దాన్ని ఎవరూ కదిలించలేదు, కదిలించాలని నాకూ తోచలేదు. లాగాను, రాలేదు. అట్లకాడతో గీకుతుంటే అత్తమ్మ వచ్చి, ఏమీ అడక్కుండా కొబ్బరినూనె సీసా నా చేతికిచ్చి, బయటికి వెళ్లి తానే తలుపు దగ్గరికేసింది.

గొళ్లెం పడింది. కుర్చీలో కూర్చుని ఫైల్ తెరిచాను. 'ఊరికే' అన్న పేరు కొట్టేసి 'సత్తెమ్మ' అని పెట్టాను. ఆగిన చోట కర్సర్ మినుకుమంటోంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. కుసుమకుమారి గారు. "అరుణ ఊరికేనే ఉందాండీ? ఫంక్షన్ కార్డులో ఓ పేరు మార్చాలి."

శేఖర్ పిలవడానికే లేచినట్టున్నాడు, కుర్చీ జరిగిన చప్పుడైంది. అంతలో తలుపుకు అవతల, తలుపుకే వీపు ఆనించి కూర్చున్నట్టు అంత దగ్గరగా మా అత్తమ్మ గొంతు వినిపించింది. మొగుడూ కొడుకూ ఇద్దరూ ఆర్టీసీయే, ముప్ఫై ఏళ్లు ఆ ఇంట్లో బతికిన మనిషి. మా ఇంట్లో మగవాళ్లకు తప్ప ఎవరికీ వాడని మాట అది.

"లేదమ్మా, మా కోడలు డ్యూటీల ఉన్నది. తర్వాత రా."

నేను కొట్టాను: గొళ్లెం పెట్టింది.