కుట్టు అడిగిందెవరు?

“ఆ ఆకుపచ్చ చీర కట్టుకో. నిన్ను స్టేజీ మీదికి పిలుస్తారు,” అన్నాడు కేదార్, చొక్కా కోసం చెయ్యి చాపుతూ. కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి ఉన్న మంజూషకి నవ్వొచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనేం కట్టుకోవాలో అతను చెప్పడం ఇదే మొదటిసారి.

అమీర్‌పేటలో కేదార్‌కి కంప్యూటర్ కోచింగ్ సెంటరుంది. అడ్మిషన్లు పడిపోయి అతను దిగులుగా తిరుగుతున్న రోజుల్లో, ఎమ్మెల్యే కమలకుమారి అసెంబ్లీలో పట్టుబట్టింది. చేతిపని నేర్చుకోవడానికి పల్లెపిల్లలు పట్నం రావాల్సిన ఖర్మేంటి, మండలానికో శిక్షణ కేంద్రం పెట్టండి అని. తన నియోజకవర్గంలో మొదటి కేంద్రం నడిపేవాళ్ళ కోసం ఆవిడ చూస్తోందని తెలిసిన రోజు, భోజనం దగ్గర కేదార్ అన్నాడు: “మంజూ, ఇది నీ సబ్జెక్టే కదా!”

ఆ ఒక్క మాటకి ఆమె కరిగిపోయింది. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, సనత్‌నగర్‌లో సత్యరాజు గారి వర్క్‌షాపులో కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టి వార్నిష్ పట్టించే పని చేసేది ఆమె. అతను దాన్నెప్పుడూ ‘ఆ షెడ్డు ఉద్యోగం’ అనేవాడు. అత్తగారు కుసుమకుమారి “ఆడదాని ఒంటి మీద వార్నిష్ వాసనేంటమ్మా, స్నానం చేస్తే గానీ వంటింట్లోకి రాకు” అనేవారు. స్నానం చేసి, వంట చేసి, గిన్నెలు కడిగి, మళ్ళీ పొద్దున్నే ఆ వాసనలోకే సంతోషంగా వెళ్ళేది. అలాంటిది ఇన్నాళ్ళకి, తన పనికొక పేరు పెట్టి మొగుడు పిలిచాడు. “ఉద్యోగం మానెయ్. కేంద్రం నువ్వే నడపాలి,” అన్నాడు. “మీ చోటులో ఇంకొకర్ని పెట్టుకోవాల్సొస్తుంది, ఆలోచించుకోండమ్మా,” అన్నారు సత్యరాజు గారు. ఆలోచించడానికి ఏముంది? మానేసింది.

వేసవంతా ఊళ్ళు తిరిగింది. ఏ ఊళ్ళో చూసినా మగవాళ్ళు పట్నంలో డ్రైవర్లో వాచ్‌మెన్లో అయిపోయారు, సేద్యం ఆడవాళ్ళది. యేసుమణి అనే ఆమె చర్చి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చి చెప్పింది. “మోటర్ కాలితే గా మెకానిక్ ఎప్పుడొస్తడో ఎవలకి తెలుసక్కా? గప్పటిదాంక మడి ఎండుడే. కుట్టు మిషను మా ఊర్ల ఇంటికొకటి ఉన్నది, కుట్టిచ్చుకునేటోళ్ళే లేరు. నాకు మోటర్ పని నేర్పు, నేనే చుట్టుకుంట.” నేర్పుతానని మాటిచ్చి, మంజూష ఆమె పేరు మోటార్ల పనికి రాసుకుంది. ఇంటికొచ్చి అవన్నీ కేదార్‌కి పూసగుచ్చినట్టు చెబితే, “ఎమ్మెల్యే మేడమ్ గారితో నేను మాట్లాడతాలే. ఆ రాజకీయాలు నీకు తెలీవు,” అన్నాడు. తనని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక అంటున్నాడనుకుంది.

పంజాగుట్టలో, కేంద్రం ప్రారంభ సభ పెట్టిన హాలు నిండిపోయింది. ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని బస్సుల్లో తెచ్చారు. యేసుమణి నాలుగో వరసలోంచి చెయ్యూపింది. స్టేజీ మీద కేదార్, అతని పార్ట్‌నర్ వంశీకృష్ణ, మధ్యలో కమలకుమారి. ఆవిడ మైకు తీసుకుంది.

“కేదార్ గారి మేడం ఊరూరు తిరిగింది. మన ఆడబిడ్డలు ఏం కోరుతుండ్రో తెలుసుకున్నది. మాకు కుట్టుపని నేర్పుండ్రి అని అందరు అడిగిన్రంట. అందుకే మగపిల్లలకు మోటర్ల పని, ఆడపిల్లలకు కుట్టుపని. మంజూషమ్మా, రా తల్లీ, మీదికి రా!”

మంజూష ముందు తప్పు విన్నాననుకుంది. కేదార్ చేతులు పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు. చిన్నప్పటి నుంచీ చాలామంది ఆమె మాటని మధ్యలో తుంచేశారు, విననట్టు నటించారు, నవ్వి కొట్టిపారేశారు. అవన్నీ అలవాటే. కానీ తను అనని మాటని తన నోట్లో పెట్టి, ఆ మాటతోనే తనని నమ్మినవాళ్ళ చేతిలోంచి పని లాగేసుకోవడం ఆమెకి కొత్త. నాలుగో వరసలో ఊపుతున్న చెయ్యి ఆగిపోయింది. యేసుమణి ఆమె వైపే చూస్తోంది. నువ్వు సుత గింతేనా అన్నట్టు.

మెట్లెక్కింది. శాలువా కప్పారు. “ఒక్క థాంక్స్ చెప్పి దిగిపో,” కేదార్ చెవిలో అన్నాడు.

“మేడమ్ గారూ,” అంది మైకులో. “నేను తిరిగిన ఊళ్ళలో ఎవరూ కుట్టుపని అడగలేదండీ. మోటార్ల పని అడిగారు. ఆ మాట మీదాకా రాలేదు.”

యేసుమణి లేచి నిలబడింది. “నేనే అడిగిన మేడం!”

కమలకుమారి కేదార్‌ని చూసింది, కెమెరాలని చూసింది. మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు. “మంచిది, వచ్చే బ్యాచ్‌ల చూద్దాం. గిప్పుడైతే కుట్టు మిషన్లు వచ్చేసినయ్ గదా.” చప్పట్లు మోగాయి. దిగేటప్పుడు మాత్రం మంజూష చెయ్యి పట్టుకుని, “ముందుగాల నాకు చెప్పకపోతివి బిడ్డా,” అంది.

బయట పోర్టికోలో కేదార్ మొహం ఎర్రగా ఉంది. “మోటార్ల షెడ్డులో ఆడవాళ్ళంటే వేరే బాత్రూములు, పిల్లలకో గది, వెయ్యి గొడవలు. కుట్టయితే ఒక హాలు చాలు. నీ పేరు చెబితే ఎవరూ అడ్డు ప్రశ్నలెయ్యరని అలా చెప్పాను. అది నీకు గౌరవమే కదా?”

“మరి కేంద్రం నడిపేది?”

“వంశీని పెట్టాం. నువ్వు కుట్టు సెక్షన్ చూసుకో.”

“నాకు కుట్టు రాదండీ.”

“ఆడవాళ్ళకి అదేమంత పని!” అని కారు తలుపు తీశాడు. “ఎక్కు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

అతనికి నిజంగానే తెలీదు, ఆమెకి కుట్టు రాదని. ఇన్నేళ్ళుగా అతని చొక్కా గుండీలన్నీ సందు చివర టైలరే కుడుతున్నాడని తెలీదు. దానికి ఆమెకి కోపం కూడా రాలేదు. ఎక్కకుండా రోడ్డు మీదికి నడిచింది.

బస్సు కోసం నిలబడి ఉన్న యేసుమణి ఆమెని చూసి మొహం తిప్పుకోలేదు. “ఇగ పేరు కొట్టేపిచ్చుకోవాల్నా అక్కా?” అనడిగింది.

మంజూష అక్కడే నిలబడి సత్యరాజు గారికి ఫోన్ చేసింది. ఆమె చోటులో వేరే మనిషి చేరాడని చెబుతూ ఆయన చాలా నొచ్చుకున్నారు.

“ఉద్యోగం కోసం కాదండీ. ఆదివారం షెడ్డు ఖాళీగానే ఉంటుంది కదా? నాతో కొందరు ఆడవాళ్ళొస్తారు. కాలిపోయిన మోటార్లు వాళ్ళే తెచ్చుకుంటారు.”

“తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుందమ్మా,” అన్నారాయన.

యేసుమణి విని, ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు వదలకముందే ఫోన్ మోగింది. అత్తగారు.

“మంజూ, ఆదివారం మా తమ్ముడు వాళ్ళొస్తున్నారు. గారెలకి పప్పు నానబెట్టడం మర్చిపోకు.”

“ఆదివారం నేను ఇంట్లో ఉండనండీ అత్తయ్యగారూ.”

“ఈ ఆదివారమేనా?”

“ఏ ఆదివారమూ.”