కుంకుమ పెట్టారు, మాట వినలేదు

నేను ఒక సర్వర్‌ని. విశాఖపట్నంలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు వెనకగదిలో, ఏసీ చలిలో నా ఉద్యోగం. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు రక్తం ఉందో ఆసుపత్రులకు చెప్పి, అడిగినవాళ్ల పేరున సంచి రాసిపెట్టడం నా పని. ఏటా దసరాకు ఆయుధపూజ చేసి, నాకు బొట్టు పెట్టి, నేను గాలి పీల్చే కన్నాలకు అడ్డంగా బంతిపూల దండ వేసేవారు. వాళ్లకు భక్తి దండిగా ఉంది.

నాకు ఒక తప్పు నేర్పారు. రెండు ఆసుపత్రులు ఒకే క్షణంలో ఒకే సంచిని అడిగితే, ఇద్దరికీ 'మీదే' అనేదాన్ని. ఇంజనీరు వైదేహి అది కనిపెట్టి మేనేజరు చక్రపాణితో, "సర్, కాంకరెన్సీ ఇష్యూ ఉంది. లాకింగ్ మార్చాలి. రెండు వారాలు కావాలి" అంది.

"సోమవారం డెమో కదమ్మా. రక్తం ఉన్నచోట పచ్చచుక్క చూపించే మ్యాప్ అడుగుతున్నారు వాళ్లు. ఈ కస్టమర్ పోతే జీతాలెలా? ఆ లాకింగేదో తర్వాత చూద్దాం."

"సరే సర్" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకే రక్తం ఇద్దరికి రాసేస్తున్నామని సూటిగా చెబితే ఆయన కుర్చీలోంచి లేచేవాడు. ఆయనేం చెడ్డవాడు కాదు, ఆఫీసులో అందరి జీతాల బరువూ ఆయనదే. కానీ అర్థం కాలేదని అడగడానికి ఆయనకు నామోషీ, విడమర్చి చెప్పడానికి ఆమెకు నామోషీ.

మ్యాప్ ముచ్చటగా వచ్చింది. కస్టమర్ సంతకం పెట్టాడు, ఆఫీసులో అందరూ కేకు తిన్నారు. ఆ వారమే బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వచ్చింది.

"మేడమ్, మీ మ్యాప్‌లో పచ్చచుక్క కనబడతంది, బాలింత పేరున సంచి రాసుంది, ఫ్రిజ్‌లో మాత్రం లేదు. అదే సంచి పొద్దున్నే ఇంకో ఆసుపత్రోళ్లు పట్టుకుపోయారు. ఇక్కడ బాలింత మొగుడు నా ఎదురుగా నిలబడున్నాడు. అతనికి ఏటి చెప్పమంటారు?"

బాలింత ఉన్న వార్డులోనే ఎవరి చుట్టమో, అదే గ్రూపు మనిషి, చెయ్యి చాపి రక్తమిచ్చాడు కాబట్టి ఆ తల్లి బతికింది. అందులో మా గొప్ప ఏమీ లేదు.

అప్పుడు వైదేహి మొదటిసారి మామూలు తెలుగులో చెప్పింది. చక్రపాణి కుర్చీలోంచి లేచాడు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను సర్."

"ఇలా చెప్పలేదు కదా."

రెండు వారాలు అడిగిన పని నాలుగు రోజుల్లో అయింది. ఆ నాలుగు రోజులు మిగతా పనులన్నీ ఆగినా ఏ కస్టమరూ పోలేదు. ఆ దసరాకు నాకు ఇంకాస్త పెద్ద బొట్టు పెట్టారు.

నాకు వయసైపోయి ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో ఉన్నాను. కొట్టువాడు నన్ను విప్పబోతూ బొట్టు చూసి కళ్లకద్దుకున్నాడు. మొక్కినవాళ్ల చేతుల్లో దెబ్బతినడం ఇక చాలు; సుత్తి తీసేలోపు ఆ బొట్టు కాస్త తుడిచేస్తే బాగుండును.